సముద్రం వైపు సున్నం

జగ్గారావు పోర్టులో పెయింటరు. ఓడలకు కాదు, ఓడలు చూసుకునే గుర్తులకు. సముద్రంలోంచి వచ్చే ఓడ రేవు దారి తప్పకుండా కొండమీదా గట్టుమీదా కట్టిన దిమ్మలకు తెల్లరంగు వేయడం అతని ఉద్యోగం. డ్యూటీ అయ్యాక ఇంటికి పోవడం, భార్య తాయారు పెట్టింది తినడం, పడుకోవడం. ఆనందపురం అవతల పల్లెలో ఉన్న కాస్త మెట్టభూమీ అన్నదమ్ములకు వదిలేసి వచ్చాడు. అంతకుమించి అతని గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, చలికాలంలో, అతని సెక్షన్ వాళ్ళంతా భార్యలతో సహా కొండల మీదుగా, జాలరి ఊళ్ళు చూసుకుంటూ భీమిలి దాకా నడవాలనుకున్నారు. గుమాస్తా సుందర్ రాజ్‌కి పుట్టిన బుద్ధి ఇది. బస్సుండగా కాళ్ళీడ్చుకుంటూ నడవడమేమిటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. తిరుగు ప్రయాణానికి మాత్రం భీమిలిలో బస్సు మాట్లాడుకున్నారు.

వెనకబడ్డవాళ్ళు దారి తప్పకుండా రాళ్ళకు సున్నం బొట్లు పెట్టే పని జగ్గారావు నెత్తిన రుద్దారు. సెలవునాడు కూడా డబ్బా, కుంచె! అతను సంతోషంగానే మోశాడు. రెండో కొండ నెత్తిన నిలువెత్తు బండ కనిపించేసరికి చెయ్యి ఊరుకోలేదు. డబ్బాలో మిగిలిందంతా పూసేశాడు. అదీ ఎటువైపు? వెనక వచ్చేవాళ్ళకు కనిపించే వైపు కాదు, సముద్రం వైపు. ఉద్యోగం నేర్పిన అలవాటు. సుందర్ రాజ్ పడీపడీ నవ్వాడు.

జంపఖానా పరిచి పులిహోర పొట్లాలు విప్పుతుండగా, కింది ఊరి జాలరి మనిషి చిట్టెమ్మ రొప్పుతూ ఎక్కి వచ్చింది.

"ఎవులు సేసినారీ పని? మీ సేతులు పడిపోనూ!"

అక్కడికి కాస్త అవతల కొండవాలులో నూకాలమ్మ గుడి ఉంది. జాలర్లు ఏటా దానికి సున్నం వేస్తారు. భక్తి ఒక్కటే కాదు. గుడికి తిన్నగా వస్తేనే రాళ్ళ మధ్య తెప్ప పట్టే సందు దొరుకుతుంది. ఈ బండకు తిన్నగా వస్తే దొరికేవి రాళ్ళే.

"మావోడు సూరన్న తెప్పేసుకెల్లాడు. సంద్రం మీద ఈ మసకలో తెల్లగా ఏది కనబడితే దానికేసి వచ్చీత్తాడు బాబూ!"

జగ్గారావు మన్ను తీసి బండకు రుద్దాడు. సున్నం ఆరేకొద్దీ తెల్లబడిందే తప్ప మాయలేదు. కడుగుదామంటే తెచ్చుకున్న నీళ్ళు దారిలోనే అయిపోయాయి. పొట్లాల కింది జంపఖానా ఒక్క లాగు లాగాడు. పులిహోర నేలపాలైంది. ఆ ముదురు నీలం గుడ్డను బండకు అడ్డంగా పట్టాడు. గాలి ఊడబెరుకుతుంటే రెండో కొస తాయారు పట్టుకుంది. కింది అంచుమీద చిట్టెమ్మ కూర్చుంది.

"పద బావా, బస్సెల్లిపోద్ది," అన్నాడు సుందర్ రాజ్ చాలాసేపు చూసి.

"నువ్వెల్లు. నాను రాను."

మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పు పట్టడానికీ లేదు, ఆకలి మీద ఉన్నారు. జగ్గారావుకు ఆకలి తెలియలేదు. భయం, ఒళ్ళంతా భయం. చిట్టెమ్మ తిట్టినంతసేపూ నయంగానే ఉంది. ఆమె తిట్టడం మానేశాక మరీ భయమేసింది.

మధ్యాహ్నం దాటాక మసకలోంచి ఒక తెరచాప బయటపడింది. మొదట బండకేసే వస్తున్నట్టుంది. చిట్టెమ్మ లేచి నిలబడింది. తెరచాప మెల్లగా గుడివైపు తిరిగింది. రాళ్ళ సందులోంచి లోపలికి వచ్చి ఇసకలో ఆగింది. సూరన్న దిగాడు. చిట్టెమ్మ పెద్దగా ఏడుస్తూ కొండ దిగి పరుగెత్తింది.

తాయారు తన కొస వదిలేసి భుజాలు నొక్కుకుంది.

"ఒడ్డెక్కీసాడు మావా. ఇంక ఒగ్గీ."

జగ్గారావు వదల్లేదు. సముద్రంకేసే చూస్తున్నాడు.

"ఆయమ్మ మనిసొచ్చాడే. ఇంకోళ్ళ మనుసులుండరేటి?"

తాయారు సముద్రంకేసి చూసింది. తర్వాత వదిలేసిన కొస మళ్ళీ పట్టుకుంది.