దవడకూ వెన్నుకూ మధ్య

రొయ్యల గుంట గట్టు మీద మేత బస్తా జరపడానికి వంగానంతే. పడలేదు, ఏదీ తగల్లేదు. నడుములో ఏదో చిట్లినట్టయి అక్కడే కూలబడ్డాను. నెల్లూరులో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, వెన్నుపూస ఒకటి నలిగిందనీ, ఎముకలు బాగా గుల్లబారి ఉన్నాయనీ చెప్పారు. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే మందు మొదలుపెట్టారు. మొదటిసారి ఎక్కించినప్పుడు జ్వరమొచ్చి ఒళ్లంతా పచ్చిపుండైంది గానీ, ఆ తర్వాత ఇంకే ఎముకా విరగలేదు. మళ్లీ మా ఆయన వెంట గుంటల దగ్గరికి నడవగలిగాను.

రెండో ఏడు కూడా మందు ఎక్కించాక పళ్ల సంగతి వచ్చింది. కింది వరసలో ముందు పళ్లు నాలుగూ చిగుళ్ల జబ్బుతో ఎప్పుడో పోయాయి. తీసి పెట్టుకునే సెట్టుతో నెట్టుకొస్తున్నాను. అన్నం తినడానికి అది చాలు, పాటకే చాలదు. పెళ్లయి వచ్చినప్పటినుంచీ మా ఇందుకూరుపేట వైపు చిన్న చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. గొంతు పైకి పోయేసరికి సెట్టు లేచి నాలుక మీదికి వచ్చేది. ఒక ఆదివారం పదం బదులు ఈల వచ్చింది. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలు నవ్వారు. పాస్టరమ్మ నన్నేమీ అనలేదు. మరుసటి వారం మాత్రం ఇంకొకామెను మొదలుపెట్టమంది.

ఆ వారమే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్న వయసు అమ్మాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది. దవడలో రెండు చోట్ల స్క్రూల్లాంటివి బిగించి, అవి ఎముకలో నాటుకున్నాక వాటి మీద నాలుగు పళ్లూ కదలకుండా కట్టవచ్చునంది. దాన్నే ఇంప్లాంట్ అంటారట. తర్వాత అడిగింది: "అమ్మా, ఎముకల బలానికి ఏమన్నా మందు వాడుతుండారా?"

చెప్పాను. చేతిలో ఉన్న చిన్న అద్దం పక్కన పెట్టేసింది.

"ఎముకలో పాతది కరుగుతా, కొత్తది పుడతా ఉంటుందమ్మా. మీ మందు ఆ కరగడాన్ని అణిచిపెడుతుంది. అందుకే మీ వెన్ను నిలబడింది. కానీ దవడలో మనం గాయం చేస్తే, అది మానాలంటే పాతది పోయి కొత్తది రావాల గదా."

"అయితే చేయకూడదా?"

"మీలాగా వాడేవాళ్లలో చాలామందికి బాగానే నిలబడతాయి. ఎవరో కొందరికి మాత్రం గాయం మానక ఎముక బయటపడుతుంది. ఆ కొందరు ఎవరో ముందే చెప్పలేం."

ఎముకల డాక్టరుగారికి నా ముందే ఫోన్ చేసింది. ఆయనా అదే మాట అన్నారు. వద్దని గట్టిగా అనలేదు, పర్వాలేదనీ అనలేదు. నిర్ణయం నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చాక మా ఆయన, "వద్దులేమే. పాట ఇంకెవరన్నా పాడతారు," అన్నాడు.

"ఇంకెవరన్నా పాడతారనే గదా నా బాధ," అన్నాను.

చేయించుకున్నాను. ఎడమ వైపుది బాగానే మానింది. కుడి వైపు కుట్లు విప్పాక కూడా చిగురు మూసుకోలేదు. కొన్నాళ్లకు చీము, నోట్లో చెడ్డ వాసన. ఒక పొద్దున నాలుకకు ఏదో గరుకుగా తగిలింది. మా ఆయన సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు.

"తెల్లగా ఏందో కనపడతా ఉండాదిమే."

"అన్నం మెతుకేమో."

"మెతుకు కాదు."

నా ఎముకే నా నాలుకకు తగులుతోందని అప్పుడర్థమైంది. పళ్ల డాక్టరు చూసి, స్కాన్ తీయించి, దవడ ఆపరేషన్లు చేసే సర్జన్ దగ్గరికి తానే వెంట తీసుకెళ్లింది. ఆయన ఆ స్క్రూ తీసేశారు. దాని చుట్టూ చచ్చిపోయిన ఎముక ఉందని చెప్పి, దాన్ని కూడా గీకి తీశారు. బతికున్న మనిషిలో ఒక ముక్క ముందే చచ్చిపోవచ్చునని నాకు తెలియదు. ఆ మాట విన్నాక చాలా రోజులు నా మొహాన్ని నేనే తాకలేకపోయాను.

అప్పుడే మూడో ఏటి మందు ఎక్కించే సమయం వచ్చింది. గాయం మానేదాకా ఆపుదామన్నారు ఎముకల డాక్టరుగారు. "అందాకా పడకుండా చూసుకోండి," అన్నారు. పడకుండానే విరిగిన మనిషిని నేను. దగ్గొస్తే నడుము పట్టుకునేదాన్ని. బిందె ఎత్తలేదు, గట్టు ఎక్కలేదు. నీళ్లలాంటి జావ తాగుతూ, మందు నీళ్లు పుక్కిలిస్తూ గడిపాను. ప్రార్థనలో మోకరిస్తే ఏమడగాలో తోచేది కాదు. ఒంట్లో ఉన్న మందు ఇంకా పనిచేయాలని అడగాలా, దాని పని తగ్గిపోవాలని అడగాలా? వెన్నుకు ఒకటి కావాలి, దవడకు ఇంకొకటి కావాలి. రెండూ నావే.

వానలు తగ్గేనాటికి చిగురు మూసుకుంది. సర్జన్ వేలితో నొక్కి చూసి తల ఊపితే, మా ఆయన కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లాడు. ఏడ్చి మొహం కడుక్కుని వచ్చాడని ఆయన చొక్కా తడి చూస్తే తెలిసింది.

మళ్లీ ఎముకల మందు ఎక్కించుకోవాలా అన్న దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడలేదు. "ఆ మందు పేరెత్తబాక," అన్నాడాయన. ఇంకో పూస నలిగితే మంచం పడతానని డాక్టరుగారు చెప్పారు. నోట్లో ఇక ఏ గాయమూ చేయించనని, పళ్ల డాక్టరుకు తరచూ చూపించుకుంటానని ఒప్పుకుని ఎక్కించుకున్నాను. ఆయన ఆస్పత్రికి వచ్చాడు గానీ, సూది గుచ్చేటప్పుడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

మిగిలిన ఒక్క ఇంప్లాంటుకు తగిలించుకునేలా కొత్త సెట్టు చేసి ఇచ్చింది పళ్ల డాక్టరు. మునుపటంత ఊగదు. పాడతాను, కానీ పై స్థాయి అందుకునేటప్పుడు గొంతు తనంతట తానే వెనక్కి తగ్గుతుంది.

మొన్న ఆరాధన అయ్యాక ఒకామె నన్ను పక్కకు పిలిచింది. ఆమెకూ ఇలాంటి మందే ఎక్కిస్తున్నారట. "అక్కా, నేను గూడా పళ్లు కట్టించుకుందామనుకుంటుండా. కట్టించుకోమంటావా, వద్దంటావా?"

"ఇద్దరు డాక్టర్లకూ రెండు సంగతులూ చెప్పు," అన్నాను.

"అది సరేలే. నువ్వేమంటావు?"

ఒక వైపు నాకు చక్కగా నాటుకుంది. ఇంకో వైపు ఎముక చచ్చింది. ఒకే మనిషిని, ఒకే మందు, ఒకే డాక్టరు. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. కట్టించుకోమనీ వద్దనీ అనకుండా, ఆమె ఫోన్ తీసుకుని ఇద్దరు డాక్టర్ల నంబర్లూ ఎక్కించి ఇచ్చాను.