గొంతునొప్పి అంటే రాతిదుమ్మే అనుకున్నాను

బేతంచెర్లలో గొంతునొప్పిని ఎవరూ జబ్బు అనరు. బండలు పాలిష్ పట్టే మిషన్లకు మా ఇల్లు రెండు వీధుల అవతల. పొద్దున లేచేసరికి గడప మీద వేలితో రాయొచ్చు, అంత దుమ్ము. అందుకే కర్నూలు డాక్టరు థైరాయిడ్‌కు మాత్ర రాసిచ్చి, నా ఫైలులో ఎర్ర పెన్నుతో గీత గీసి, "గొంతునొప్పి గానీ జ్వరం గానీ వస్తే ఈ మాత్ర ఆపేసి, ఆ రోజే రక్తపరీక్షకు రావాలమ్మా" అంటే నాకు నవ్వొచ్చింది.

"మా ఊర్లో గొంతునొప్పి లేనిదెవరికి సార్? అట్లయితే దినామూ రావాల్నా?" అన్నాను. తెలివిగా మాట్లాడాననుకున్నాను. ఏం తెలివో నా మొహం!

అంతకుముందు థైరాయిడ్ ఎక్కువై, ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. చేతులు వణికి టీ ఒలికిపోయేది. మాత్ర మొదలుపెట్టిన ఆరు వారాలకు పరీక్ష చేస్తే సగం దారికొచ్చిందన్నారు. ఇక ఆ మాత్రల డబ్బాను దేవుడి పటం పక్కన పెట్టుకున్నాను.

రెండో పరీక్షకు నాలుగు రోజుల ముందు గొంతునొప్పితో నాకు అన్నం మింగుడు పడలేదు.

"రాతిదుమ్ము మే, ఇంకేముండాది," అని మా అత్త ఉప్పునీళ్ళు కాచి ఇచ్చింది. పుక్కిలించి, ఆ నొప్పితోనే మాత్ర మింగాను. నాలుగు రోజులూ అంతే.

కర్నూలులో రక్తం తీసే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడింది. "ఒళ్ళు కాలిపోతాండాది కదక్కా!" అంటూ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"మాత్ర ఆపినావా?" అన్నాడాయన వచ్చీ రాగానే.

"ఒక్క పూట కూడా మానలేదు సార్," అన్నాను, మెచ్చుకుంటాడని.

రక్తంలో తెల్లకణాలు దాదాపు లేవన్నారు. ఆ మాత్రే వాటిని తగ్గించేసిందట, అవి లేకుంటే చిన్న జ్వరమైనా ప్రాణం తీస్తుందట. ఎవరినీ రానివ్వని గదిలో పది రోజులు పడుకోబెట్టారు. చచ్చిపోతానని భయపడి ఏడ్చాను. కణాలు తేరుకున్నాయి గానీ, ఆ మాత్ర జన్మలో ముట్టకూడదన్నారు. అది మానేసరికి గుండెదడ మళ్ళీ మొదలైంది. థైరాయిడ్ గ్రంథి తీసేసే ఆపరేషన్ చేయాలంటే ముందు ఆ దడ తగ్గాలట, వేరే మందులతో మెల్లగా చూద్దామన్నారు. మాత్ర వేసుకుంటే ఒక చావు, మానేస్తే ఇంకో చావు. ఎటు పోయేది నేను?

ఇప్పుడు దగ్గితే చాలు, మా అత్త వచ్చి నా నుదురు పట్టుకుంటుంది. "నా చేత్తోనే ఉప్పునీళ్ళు పోసి నిన్ను ఆస్పత్రికి పోనీకుండా ఆపేస్తి గదమ్మా" అని ఏడుస్తుంది. ఊరుకో అత్తా అంటాను. డాక్టరు నాకు ముందే చెప్పినాడని మాత్రం ఇంతవరకూ ఆమెకు చెప్పలేదు.