మేనమామ మింగిన మూడు రంగులు

మా చుట్టాలల్ల ఏ పెండ్లికి పోయినా నన్ను చూడంగనే ఒక్కరన్న మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. ఎందుకో ఇయ్యాల మీకు చెప్త. చెప్పినంక మీరు సుత నవ్వుతరు, నాకు ఎరికే. నవ్వుండ్రి, ఏం ఫికర్ లేదు. తాళి కట్టకముందే ఒక పెండ్లిని దవాఖాన మెట్లెక్కించిన మొనగాన్ని నేను. పగోళ్లు చేసే పని గది. నేను మేనమామనై ఉండి చేసిన. అది సుత ప్రేమతోని.

ఏడేండ్ల కిందటి ముచ్చట. అప్పటికి నాకు నలభై నాలుగేండ్లు, జనగామల ఒక ప్రైవేటు బళ్లె సైన్సు సారును. మా సరోజనక్కను బయ్యారం ఇచ్చినం. అక్కకు ఒక్కతే బిడ్డ, మౌనిక. ఆ పిల్ల బీఫార్మసీ చదివిన నాలుగేండ్లు జనగామల మా ఇంట్లనే ఉన్నది. నాకూ నా భార్య పద్మకూ పిల్లలు లేరు. ఆ నాలుగేండ్లు మా ఇల్లు ఎంత సందడిగ ఉండెనో చెప్పలేను. అది చదువు అయిపోయి బయ్యారం బస్సెక్కిన రోజు నేను కండ్లల్ల దుమ్ము పడ్డదని చెప్పి బస్టాండు మూత్రశాలలకు పోయి ఏడ్చిన.

గట్లాంటి పిల్ల, సంబంధం ఖాయమైన రోజు ఫోను చేసింది.

"మామా, గంప నువ్వే పట్టాలె. నువ్వు పట్టకపోతే నేను కూసోను."

మా దిక్కు పెండ్లికూతురును గంపల కూసోవెట్టి మేనమామలు మండపం దాకా మోసుకొస్తరు. అటొకరు, ఇటొకరు. ఒక దిక్కు నేను. ఇంకో దిక్కు మా చిన్నాయిన కొడుకు శ్రీశైలం. వాడు భూపాలపల్లిల బొగ్గుబాయిల పనిచేస్తడు. నా నడుమంత ఉంటది వాని జబ్బ.

"అన్నా, నువ్వు ఊకె గంప మీద చెయ్యేసి నడువు, చాలు. చాక్‌పీసు పట్టే చేతులు నీయి. నీ దిక్కు మా దోస్తు పడుతడు" అన్నడు వాడు. మంచికే అన్నడు. నాకు మాత్రం ఒళ్లంత కారం పూసినట్టయింది.

"నేనే పడుత. నా మేనకోడలు."

మాటైతే అన్న గాని బుగులు పట్టుకున్నది. ప్రాక్టీసు చేద్దామనుకున్న. మౌనిక యాభై రెండు కిలోలు. ఇంట్ల యాభై కిలోల బియ్యం బస్తా ఉన్నది. ఇద్దరు మోసే గంపల నా పాలుకు సగం బరువే వస్తదని ఎనిమిదో తరగతి పిల్ల సుత చెప్తది. సైన్సు సారుకు తట్టలే. బస్తాను రెండు చేతుల్ల వాటేసుకొని, దేవున్ని తలుసుకొని లేపిన. కటుక్కుమన్నది.

పద్మ వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. "ఏం పగిలిందయ్యా?"

"ఏం పగల్లే."

"చప్పుడైంది గదా?"

"అది నడుము."

పెండ్లి ఇంక తొమ్మిది రోజులున్నది. నేను మూరెడు వంగిపోయి, నేల మీద ఏదో పారేసుకొని దేవులాడుతున్నట్టు తిరుగుతున్న.

మా గల్లీల ఒక ఆర్‌ఎంపీ ఉంటడు. నడుము ఒత్తి చూసి పచ్చగోలీలు ఇచ్చిండు. "సారూ, నొప్పికి, వాపుకు ఇది. కడుపు నిండ తిన్నంకనే వేసుకో. మూడు రోజులు చూడు. తగ్గకపోతే పెద్ద దవాఖానకు పో" అన్నడు. ఎంత మంచిగ చెప్పిండు చూడుండ్రి. నా చెవులకు మాత్రం 'వేసుకో' అన్నకాడికే ఇనవడ్డది.

పచ్చగోలీతోని నొప్పి సగం తగ్గింది. సగం తగ్గితే గంప సగం దూరమే పోతది గదా? మర్నాడు బస్టాండు కాడ మందుల దుకాణంకు పోయి "గట్టిది ఇయ్యి" అన్న. ఆయన అడిగిండు, "వేరే గోలీలు ఏమన్న వాడుతున్నరా సారూ?"

"ఏం లేవు."

అబద్ధం ఆడలే. నా లెక్కల పచ్చది నడుముకు. నేను అడుగుతున్నది తొడలకు గుంజే నొప్పికి. ఎర్రగోలీ ఇచ్చిండు. ఇంటికొస్తే అల్మారల మా అత్తమ్మ మోకాళ్లకు వాడి మిగిలిచ్చిన తెల్లగోలీలు కనవడ్డయి. బరువు ఎత్తితే మోకాలు సుత గట్టిగ ఉండాలె గదా? అవి సుత అంగి కీసల వేసిన.

నా సిద్ధాంతం ఇది: పచ్చది నడుముకు, ఎర్రది తొడకు, తెల్లది మోకాలుకు. ఎవని డ్యూటీ వానిది. కడుపులకు దిగినంక మూడూ మూడు తొవ్వలు పట్టుకొని ఎవని ఊరికి వాడు పోతడని నా నమ్మకం. గీ తెలివితోని నేను పిల్లలకు పాఠాలు చెప్తున్ననంటే, ఆ పిల్లల తల్లిదండ్రులకు ఈడికెల్లే దండం పెడుతున్న.

పద్మ ఊకుంటదా? "మూడు రకాలెందుకయ్యా? నీకు బీపీ గోలీ ఒకటి ఉండనే ఉన్నది."

"నువ్వు డాక్టర్వా?"

"నువ్వా?"

"నేను సైన్సు సారును."

"అయితే మౌనికను అడుగు. ఆ చదువు చదివింది అదే గదా."

"పెండ్లికూతురును గోలీల సంగతి అడుగుతరా ఎవరన్న?" అని ఎగిరిన. అసలు సంగతి అది కాదు. దానికి తెలిస్తే నన్ను గంప ముట్టనియ్యది. నా బుగులంత గదే.

నాలుగో రోజుకు నొప్పి మాయం! ఇంట్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఠీవిగ నడిచిన. కాకపోతే కడుపుల ఎవరో పొయ్యి ముట్టిచ్చినట్టు మంట మొదలైంది. పెండ్లి పరేషాన్ అనుకున్న. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలే. చెప్పులు వానకు నాని దగ్గరికైనయనుకున్న. ఇంకో సంగతి చెప్పుడు సిగ్గే గాని, చెప్పకపోతే మీకు అసలు ముచ్చట అందది. దొడ్డికి పోతే తారు లెక్క నల్లగ వచ్చుడు షురూ అయింది. అక్క పంపిన నల్లనువ్వుల ముద్దలు ఎక్కువ తిన్న, దానికే అని నాకు నేనే సర్దిచెప్పుకున్న. పద్మకు సుత చెప్పలే.

పెండ్లి మానుకోటల. అదే, మహబూబాబాదుల ఒక ఫంక్షన్ హాలు. పిల్లగాడు నరేష్, డోర్నకల్ల రైల్వే నౌకరి. పొద్దుగాల ఏడు గంటలకు పద్మ ఇడ్లీల ప్లేటు తెచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టిన.

"అక్కా బావా ఒక్కపొద్దు ఉన్నరు. నేను సుత ఉంట."

"కన్యాదానం చేసేటోళ్లు ఉంటరు. మేనమామకు ఒక్కపొద్దేంది?"

"నా బిడ్డ లెక్క అది. నేను తిని గంప పడితే నాకు మంచిగనిపియ్యది."

ఆ మాట మనసుల నుంచే వచ్చింది. పద్మ ఇడ్లీలు వాపస్ తీసుకపోయింది. నేను గుక్కెడు చాయతోని పచ్చది, ఎర్రది, తెల్లది మూడూ ఒక్కసారే మింగిన. తెల్లదైతే ధైర్యానికి ఇంకోటి మింగిన.

పదకొండున్నర ముహూర్తం. "మేనమామలు పెండ్లికూతురును తోల్కరాండ్రి" అని పంతులు మైకుల పిలిచిండు. మౌనిక పట్టుచీర కట్టుకొని, చేతుల కొబ్బరిబొండం పట్టుకొని గంపల కూసున్నది. అటు శ్రీశైలం, ఇటు నేను. లేపినం. నడుముల నొప్పి ఈసమంత లేదు! బ్యాండు మోగుతున్నది. నేను అందరి దిక్కు చూసుకుంట, ఓట్లు గెలిచిన సర్పంచి లెక్క పోతున్న.

సగం దూరం పోయినంక కడుపుల కత్తి తిప్పినట్టయింది. చెమటలు కారిపోతున్నయి. హాల్ల లైట్లు ఒక్కొక్కటి బంద్ చేస్తున్నట్టు కనవడుతున్నది. మౌనిక తల తిప్పి చూసింది.

"మామా, మొఖమేంది గట్ల పాలిపోయింది?"

"ఏం లేదు బిడ్డా. సంతోషం."

"సంతోషానికి గిన్ని చెమటలు పడుతయా? ఏం తిన్నవ్ పొద్దుగాల?"

"ఒక్కపొద్దు."

"నీకు నడుము నొప్పి అని పద్మత్త చెప్పింది. గోలీ ఏమన్న వేసుకున్నవా?"

"నువ్వు ముందుకు చూడు, ఫోటోలు తీస్తున్నరు."

అది ముందుకు చూడలే. గంపలకెల్లే చెయ్యి చాపి నా అంగి కీసల పెట్టింది. మూడు అట్టలు బయటికి తీసింది. చుట్టూ బ్యాండు, పూలు, వీడియో లైటు. పెండ్లికూతురేమో గంపల కూసొని గోలీల అట్టల మీద సన్నక్షరాలు చదువుతున్నది. మీరు ఏ పెండ్లిలన్న చూసిండ్రా గిది?

"మామా! మూడు పేర్లు గాని మూడూ ఒక్క జాతి గోలీలే గదా! ఎన్ని రోజులనుంచి?"

"తొమ్మిది."

"తినకుంట?"

"ఇయ్యాల ఒక్కరోజే..."

"దొడ్డికి నల్లగ వస్తున్నదా?"

గంప పట్టుకొని, మూడొందల మంది నడుమ, పెండ్లికూతురు అడిగే మాటనా అది? నేను బ్యాండోళ్ల దిక్కు చూసిన. నా మొఖం చూసి దానికి జవాబు దొరికింది. "శ్రీశైలం మామా, గంప దించు!" అని ఒర్రింది. "దించద్దు!" అని నేను ఒర్రిన. శ్రీశైలం ఇద్దరి దిక్కు చూసి పరేషాన్ అయిండు. ఇంక నాలుగు అడుగులల్ల మండపం. ఆ నాలుగు అడుగులు ఎట్ల వేసిన్నో నాకు సోయి లేదు. గంప మండపం మీద ఆనింది. పానం నిమ్మళమైంది. ఆనింది అనుకుంట నేను ఆడనే కుప్పకూలిన.

కండ్లు తెరిచేసరికి లొల్లి లొల్లి. సరోజనక్క "తమ్మీ! తమ్మీ!" అని ఏడుస్తున్నది. "ముహూర్తం దాటిపోతున్నదమ్మా" అని పంతులు అంటున్నడు. మౌనిక కొబ్బరిబొండం ఆయన చేతుల పెట్టింది.

"అయ్యగారూ, ముహూర్తం ఇంకోటి చూడుండ్రి. మామను ఇంకొకన్ని చూడలేరు."

తీసుకపోదామంటే స్ట్రెచర్ లేదు, నేను లేవలేను. కుర్చీల కూసోవెడితే పక్కకు జారుతున్న. చివరికి శ్రీశైలమే అన్నడు, "గంపల కూసోవెట్టుండ్రి!"

అవును, మీరు అనుకున్నదే అయింది. పట్టుధోతి కట్టుకున్న డెబ్బై రెండు కిలోల మేనమామను గంపల కూలేసిండ్రు. ఒక దిక్కు శ్రీశైలం, ఒక దిక్కు పెండ్లికొడుకు నరేష్. పక్కపొంటి పెండ్లికూతురు నా చెయ్యి పట్టుకొని నాడి చూసుకుంట ఉరుకుతున్నది. బ్యాండోళ్లకు సంగతి తెల్వక, గంప కదలంగనే జోరుగ వాయించుడు షురూ చేసిండ్రు. నన్ను గేటు దాకా మేళంతోనే సాగదోలిండ్రు.

పూలతోని సింగారించిన పెండ్లి కారుల దవాఖానకు పోయినం. వాచ్‌మన్ ఉరికొచ్చి డోరు తీసిండు. ముందుగాల నరేష్ దిగిండు, ఎనుక మౌనిక దిగింది. తర్వాత నన్ను దించిండ్రు.

"పెండ్లిపిల్ల మంచిగనే ఉన్నది, పెండ్లికొడుకు మంచిగనే ఉన్నడు. మరి గీయనెవరు?"

"మేనమామ" అన్నడు నరేష్.

"మేనమామలు తాగొస్తరని ఎరికే గాని, గింతనా?"

తాగినోడనన్న అయితే గింత పరువు పోకపోవు. సెలైను పెట్టినంక డ్యూటీ డాక్టరమ్మ వచ్చి మూడు అట్టలు చూసింది.

"ఏం పని చేస్తరు?"

"సైన్సు సారును మేడం."

"ఏ తరగతికి?"

"ఎనిమిది, తొమ్మిది."

"మొన్న ఏం పాఠం చెప్పిండ్రు?"

"జీర్ణవ్యవస్థ."

ఆమె మూడు అట్టలు నా మంచం మీద వరుసగ పరిచింది. తర్వాత మెల్లగ చెప్పింది. "కడుపుల పుండై రక్తం కారుతున్నది. నల్లగ వచ్చింది గదే. ఇంక రెండు రోజులు ఆగితే మీరు మా చేతులల్ల ఉండకపోదురు. ఈ గోలీలు చెడ్డవి కావు సారూ. ఒక్క రకమే, అన్నం తిన్నంకనే, చెప్పినన్ని రోజులే వాడాలె. బీపీ, కిడ్నీ గడబడ, కడుపుల పుండు ఉన్నోళ్లు అడగకుంట ముట్టనే వద్దు. రంగు మారితే మందు మారదు."

అప్పుడు భయమైంది నాకు. నిజంగనే భయమైంది. ఇంకోదిక్కు మంచం పక్కన మౌనిక నిలవడి, కండ్ల కాటుక బుగ్గల మీదికి కారంగ నన్ను తిడుతున్నది.

"నేను అడిగింది గంప పట్టుమని. పానం ఇయ్యమన్ననా? ఒక్క ఫోను చెయ్యొద్దా మామా? నాలుగేండ్లు నీ ఇంట్ల కూసొని చదివింది ఎందుకు నేను?"

"తెలిస్తే పట్టనియ్యవని చెప్పలే బిడ్డా."

"పట్టనియ్యకపోదును. నువ్వు కుర్చీల కూసొని చూస్తే నాకు చాలు."

గింత చిన్న మాట నాకు తొమ్మిది రోజుల ముందు తెలిస్తే నువ్వుల ముద్దల మీద నింద పడకపోవు.

పంతులు పంచాంగం తిప్పి, ఒకటింబావుకు ఇంకో మంచి గడియ దొరకవట్టిండు. వాళ్లిద్దరు వాపస్ పోయిండ్రు. తాళి కట్టుడు నేను పద్మ ఫోన్ల వీడియోల చూసిన. నోటికి ఏం పెట్టొద్దన్నరు గనుక నా పెండ్లిబువ్వ సెలైను సీసానే అయింది, అక్షింతలు ఫోను మీదనే వేసిన.

ఆ పెండ్లి నుంచి మా చుట్టాలల్ల ఒక కొత్త ఆచారం పుట్టింది. గంప ఎత్తే ముందు పెండ్లికూతురు తల్లి మేనమామలను వరుసగ నిలవెడుతది. ముందుగాల నాలుగు ఇడ్లీలు తినిపిస్తది, తర్వాత కీసలు దేవులాడుతది. ఇదెందుకని కొత్తోళ్లు ఎవరన్న అడిగితే, పంతులు సుత తడుముకోకుంట "ఇది జనగామ సారు పెట్టిన శాస్త్రం" అంటడు.

అందుకని, మూడు జిల్లాల చుట్టాల సాక్షిగ, నా కడుపుల మానిన పుండు సాక్షిగ ప్రమాణం చేస్తున్న. ఇగ జన్మల నొప్పిగోలీని రంగు చూసి మింగ. ఒకదాని మీద ఇంకోటి ఎక్కియ్య. అన్నం తినకుంట ముట్ట. ఇంకో గోలీ అవసరమైతే ముందుగాల మౌనికకు ఫోను చేస్త, అది పెండ్లి పీటల మీద ఉన్నా సరే. ఈ ప్రమాణం తప్పితే నన్ను మళ్లా గంపల కూసోవెట్టి, బ్యాండు పెట్టి, మానుకోట బజార్లల్ల తిప్పుండ్రి.