పై అరలో చెంబు

కొట్టు షట్టరెత్తగానే చింతపండు పులుసూ ఇటుకపొడీ తడి కంచూ కలిసిన వాసన గుప్పున కొడుతుంది. భిలాయి సెక్టారు బజారులోని మా పాత్రల కొట్టును ఎన్ని పండగలు పోయినా వదలని వాసన అది. దాంతోపాటే చూపు పై అర మూలకు పోతుంది. ఎవరెంత బేరమాడినా దించకుండా, ఒకే ఒక్క మనిషి కోసం మొన్నటిదాకా అక్కడొక కంచు చెంబు దాచాను.

విజయనగరం వైపు నుంచి వచ్చి నాన్న పెట్టిన కొట్టిది. ఉక్కు ప్లాంటు జీతం ఎరగని మా ఇంటికి అన్నం పెట్టింది నాన్న చెవి. పల్లెల నుంచి పాత కంచు వస్తే ఒక్కోదాన్నీ అరచేతిలో నిలబెట్టి, గోటితో మీటి, ఆ నాదం ఆరిపోయేదాకా కళ్ళు మూసుకుని విని, కంటికి కనబడని పగులును పట్టేసేవాడు. పక్కన నేనూ కళ్ళు మూసుకునేవాణ్ణి. నాకు వినబడేది ఎదురు కొట్టులో జిలేబీ వేగే చప్పుడే.

వానాకాలంలో, ఇక్కడి ఎద్దుల పండగ పోలాకి పొరుగువాళ్ళిచ్చిన ఠేఠరీ ఖుర్మీ పిండివంటల డబ్బాలు ఖాళీ కాకముందే, అమ్మ వినాయకుడి ఉండ్రాళ్ళకు రవ్వ విసురుతుండగానే, పక్క కొట్టు సౌండు సింహాచలం పందిళ్ళకు అద్దెకిచ్చే తన పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలన్నీ మా గోడకు ఆనించి పరీక్ష మొదలెట్టేవాడు. అరల్లో గిన్నెలు వాటంతటవే మోగేవి, మా పళ్ళతో సహా.

"కాస్త అటు తిప్పరా సింహాచలం, సెవులు పోతన్నాయి," అనేవాడు నాన్న.

"ఏటి బావా, గిన్నెలు వాయించుకునేవోడికి సెవులెందుకు?" అని ఇంకాస్త పెంచేవాడు. బజారంతా నవ్వేది.

ప్లాంటులో పనిచేసే మేనమామ, మోత దగ్గర చెవుల్లో పెట్టుకునే నురుగు బిరడాలు తెచ్చాడు. చెవికో ఉండ్రాయి అదనంగా ఇస్తానన్నాకే అమ్మను నా చెవులు ముట్టుకోనిచ్చాను. నాన్న మాత్రం వద్దన్నాడు. "సెవులు మూసుకుని గల్లా కాడ కూకుంటే గిరాకీ తిరిగెల్లిపోద్ది."

నాన్నకు మొదట పోయింది నాదంలోని ఆ సన్నని చివరే. తర్వాత ఒకామె, నాన్న మీటి అమ్మిన ఈ చెంబును తిరిగి తెచ్చి, బజారు నడుమ, "నీళ్ళు కారతన్నాయి, మోసగాడా" అంది. నాన్న మీటాడు, మళ్ళీ మీటాడు, చివరికి నా ముఖంలోకి చూశాడు. నాకు మాత్రం టప్పుమని మొద్దు చప్పుడు వినబడింది. అది నా ముఖంలో ఆయన చదివేశాడు. ఆ తర్వాత ఆయన మరే గిన్నెనూ మీటలేదు. గోడవతల సింహాచలం నవ్వుతుంటే, చెంబును నేనే పై అరకెక్కించాను.

మొన్న సింహాచలం మామ వచ్చాడు. తన పెట్టెలే తన చెవులూ తినేశాయి, ఇప్పుడు ప్రతి మాటకూ "ఏటి?" అంటాడు. మనవరాలి పెళ్ళిలో పెళ్ళికొడుకు కాళ్ళు కడగడానికి కంచు చెంబు కావాలట. స్టూలెక్కి పై అరలోని ఆ చెంబే దించాను. అనుమానం రాకుండా గట్టిగా బేరం కూడా ఆడాను; అంత పుణ్యకార్యంలోనూ నా బుద్ధి పోదు. అతను గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, అచ్చం నాన్నలాగే నా ముఖంలోకి చూశాడు.

"ఖంగుమంటంది కదేటి అల్లుడూ?"

తలాడించాను.

పై అర ఇప్పుడు ఖాళీ. కళ్ళు మూసుకుని నాదం వినేవాడు ఈ బజారులో ఇక లేడు. పెళ్ళికి నన్నూ పిలిచారు, డీజే ఉంటుందట. జేబులో బిరడాలు వేసుకున్నాను. కాళ్ళు కడిగే వేళకు మాత్రం తీసేస్తాను.