మందు కొట్టని నాలుగు సాళ్లు

ఎండుమిరప ఘాటు తగిలితే చాలు, తుమ్ముకంటే ముందు నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. ఈ ఉదయం ముదిగొండ దగ్గర వెంకన్న కల్లంలో నిలబడగానే అదే జరిగింది. వ్యవసాయాధికారిగా చేరినప్పుడు నా తొలి పై అధికారి ఆవిడ. ఏ రైతుకు ఏ మందు చెప్పినా నాలుగు సాళ్లు కొట్టకుండా వదలమనేవారు. "అవి లేకుంటే పంట మందుతోని బాగుపడ్డదో, వానతోని బాగుపడ్డదో నీకెట్ల తెలుస్తది?" అని నన్నడిగేవారు. కొత్తలో నాకది ఒట్టి చాదస్తంలా తోచింది.

ఆ ఏడాదే వెంకన్న కౌలుకు చేస్తున్న రెండెకరాల మిరపలో పూత రాలసాగింది. మేడం రైతులకు రాసిచ్చిన కాగితం నాకు కంఠతా వచ్చు. పురుగు ఆకు అడుగున ఉంటుంది, ఆకు శుభ్రంగా ఉంటే పూత రాలేది నీటి ఎద్దడి వల్లే. ఆకులు తిప్పి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. నీళ్లు పెట్టమని దర్జాగా చెప్పి వచ్చేశాను. వారం తిరిగేసరికి పూత ఇంకా రాలింది. పాపం, అతనికి ఆ పంట తప్ప వేరే ఆధారం లేదు.

వెంకన్న మాత్రం, సుగుణ మేడం చేసిన అలవాటు కొద్దీ, నాలుగు సాళ్లకు నీళ్లు పెట్టలేదట. "తడిపినకాడ గట్లనే రాలింది, తడపనికాడ గట్లనే రాలింది. ఇది నీళ్ల సంగతి కాదు మేడం," అని నాతో అంటూ, నా ముందే తెల్ల తువ్వాలు పరిచి పూలు దులిపాడు. సన్నటి నల్ల పురుగులు పాకాయి.

సుగుణ మేడం వచ్చి భూతద్దంతో చాలాసేపు చూశారు. ఏళ్ల తరబడి మండలమంతా నమ్మిన కాగితం అది. తప్పు నా నెత్తిన వేస్తారనుకున్నాను. ఆవిడ రైతులందరినీ పిలిచి, వాళ్ల ముందే ఆ నీటి ఎద్దడి వాక్యం కొట్టేశారు.

"నేను రాసిన మిగతాది పాత పురుగుకు పనికొస్తది, ఉంచుకోండి. ఈ పురుగుకు పనికిరాదు. ఇగ పూలు గూడ దులిపి చూడాలె."

"రేపు ఇది గూడ తప్పయితే ఏంది మేడం?" అని వెనకనుంచి ఒకాయన అడిగాడు.

"కావచ్చు. అందుకే నాలుగు సాళ్లు వదలమంటున్న."

అన్నట్టే అయింది. పురుగులు అంటుకునేలా మేడం మొదట పెట్టించిన నీలిరంగు జిగురు అట్టలు ఒక్కటే చాలవని, అట్టలు పెట్టకుండా వదిలిన ఆ సాళ్లే చూపించాయి. మందు మార్చాం. వెంకన్నకు తొలి పూత పోయింది కానీ మలి పూత దక్కింది. కొట్టివేత వల్ల ఆవిడ మాటకు విలువ తగ్గలేదు, నా కళ్ల ముందే పెరిగింది. నేనైతే ఆ ధైర్యానికి అప్పుడే దాసోహమన్నాను.

ఇప్పుడు మేడం లేరు. మండలంలో తిరుగుతున్న కాగితం నాది. ఈ ఉదయం వెంకన్న దాన్నే నా చేతికి తిరిగి ఇచ్చాడు. "మీరు రాసింది నా తోటల నడవలే మేడం." మనసు చివుక్కుమంది, దాచుకోవడమెందుకు. కానీ నోట్లోంచి ఆవిడ మాటే వచ్చింది.

"నాలుగు సాళ్లు వదిలినవా వెంకన్నా?"

"ఎన్నడన్న వదలకుంట ఉన్ననా?"

పెన్ను మూత తీసి, అతని వెంట తోటలోకి నడిచాను.