దుప్పటి చాటున రెండు ఆంప్‌లు

మా బ్యాండ్ పాట రికార్డింగుకు ఇద్దరు గిటారిస్టులు అక్కర్లేదు, ఒక్క గిటార్ చాలన్నారు. గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె, అదే ఆంప్, ఎవరిది బాగా పలికితే వాళ్లే వాయించాలి. భవానీపురంలోని మా రిహార్సల్ గదిలో నా పాత వాల్వ్ ఆంప్‌నూ, రెండో గిటారిస్టు ప్రత్యేకంగా చేయించుకున్న కొత్తదాన్నీ దుప్పటి చాటున పెట్టారు. విని తేల్చాల్సింది గాయని. రెండో గిటారిస్టు తనది ముందే వేడెక్కించుకుని, నాది మాత్రం స్విచ్ వేయగానే వాయించమన్నాడు.

"వాల్వులు వేడెక్కాలండీ, ఐదు నిమిషాలు ఆగండి."

"మీ డబ్బాకి కాఫీ కూడా ఇవ్వాలాండీ?"

అందరూ నవ్వారు. నేను స్విచ్ వేసి గడియారం చూస్తూ నిలబడ్డాను. ఐదు నిమిషాలయ్యాక రెండింటి వాల్యూమూ సమానం చేయించాను. గాయని కళ్లు మూసుకుని రెండింటినీ రెండుసార్లు వింది.

"రెండోదండీ."

దుప్పటి తీస్తే అది నాదే.

"ఆవిడకి జలుబు చేసిందండీ, రేపు మళ్లీ పెడదాం," అన్నాడాయన.

నేను రికార్డింగు మైకు తెచ్చి నా ఆంప్ ముందు నిలబెట్టాను.