ఆరుకూ తొమ్మిదికీ నడుమ

విశ్వవిద్యాలయ గ్రంథాలయపు మూడవ అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు చివరనున్నది ధ్వనిభాండారం. రేడియోలోను, టెలివిజనులోను ప్రసారమయ్యే వాటిలో పాఠాలకూ పరిశోధనలకూ పనికివచ్చేవాటిని అక్కడ రికార్డు చేసి, ఒక్కొక్క టేపుకు ఒక్కొక్క చీటీ రాసి, అరలలో భద్రపరుస్తారు. ఇరవై ఏడేళ్లుగా ఆ గదికి ఏలికా బంటూ ఒక్కరే. ఆయనను అందరూ నిమిషాల మాస్టారని పిలిచేవారు.

ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కారు. రేడియోలు బాగుచేసే కొట్టులోనుంచి వచ్చినవారు. ఫలానా ప్రసంగం ఎప్పుడు వచ్చిందని అడిగితే, తేదీతో ఊరుకోక గంటా నిమిషమూ సహితం చెప్పేవారు గనుక, చరిత్ర శాఖాచార్యుడొకడు వేళాకోళానికి పెట్టిన పేరు అంటుకుపోయింది. మాస్టారికి అది బిరుదులాగే ఉండేది. మొదట పెద్ద చక్రాల టేపులు, తరువాత క్యాసెట్లు వచ్చినా, ఆయన చీటీ మారలేదు. ఆ గుండ్రని దస్తూరీ మారలేదు.

ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక తప్పు జరిగింది. ఒక నాటకం ప్రసారమవుతుండగా యంత్రం మీట నొక్కడం ఆలస్యమై, తొలి రెండు మాటలు జారిపోయాయి. ఆ నాటకం కోరిన ఆచార్యుడు టేపు విని, "ఏమయ్యా, ముక్కు కోసేసి మొహం తెచ్చిస్తే పిల్లలకి నేనేం చూపించను?" అన్నాడు. ఆ మాట మాస్టారికి ముల్లై గుచ్చుకుంది. మరునాడే స్టూలెక్కి, గోడ గడియారపు ముల్లును వేలితో కాస్త ముందుకు నెట్టారు. గడియారం తొందరపెడితే మనిషి ఆలస్యం కాడని ఆయన లెక్క. అది వెనుకబడినట్లు తోచినప్పుడల్లా మళ్లీ నెట్టేవారు. ఎంత నెట్టేదీ ఎన్నడూ కొలవలేదు. ఆరు నిమిషాలు కావచ్చు, తొమ్మిది కావచ్చు.

దీనివల్ల ఎవరికీ చెరుపు జరుగలేదు. కార్యక్రమాల సమయాలను రేడియోవారు ముందుగా పంపే పట్టిక చూసి రాసేవారు గనుక చీటీలు సరిగానే ఉండేవి. గడియారపు గుట్టు తెలిసినది భార్యకు ఒక్కతెకే. ఆమె ఒకసారి గ్రంథాలయానికి వచ్చి, ఆ గడియారాన్ని చూసి తన చేతి గడియారం దిద్దుకుంది. మరునాడు పంటివైద్యుడి తలుపు తెరవకమునుపే వెళ్లి మెట్లమీద కూర్చున్నది. "మీ గడియారం నమ్ముకుంటే, పన్ను నొప్పి పుట్టకముందే పీకించుకోవాలి!" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

అయితే పట్టికలో లేనివి కొన్ని ఉంటాయి. కార్యక్రమం నడుమ హఠాత్తుగా చదివే హెచ్చరికలు, ప్రకటనలు. వాటికోసం గదిలో ఒక రేడియో సన్నగా మోగుతూనే ఉండేది. అటువంటిది వినబడగానే మాస్టారు మీట నొక్కి, తలెత్తి గోడవైపు చూసి, కనబడిన సమయాన్ని చీటీలో వేసేవారు. ఆ చూపు కొన్నేళ్లకు అలవాటైపోయి, చీటీ రాసే వేళ ఆ గడియారం ముందు నడుస్తున్నదన్న సంగతే ఆయనకు తోచేది కాదు.

ఉద్యోగపు చివరి ఏడాది వానకాలంలో ఒక మధ్యాహ్నం, జలాశయం గేట్లు ఎత్తుతున్నారనీ, ఏటి ఒడ్డున ఉన్నవారు వెంటనే పైకి రావాలనీ రేడియోలో హెచ్చరిక వచ్చింది. అనౌన్సరు దానిని మూడుసార్లు చదివింది. మాస్టారికి రెండవసారి నడుమనుంచి చిక్కింది. చీటీలో నాలుగు గంటల పన్నెండు నిమిషాలని వేశారు. ఆ సాయంకాలమే రేవు దాటుతున్న ఇద్దరు కొట్టుకుపోయారని తెలిసింది.

విచారణ మొదలైంది. జలాశయంవారి కబురు అనౌన్సరుకు సరిగ్గా నాలుగు గంటలకు అందింది. అందిన అయిదు నిమిషాలలో చదవాలన్నది నియమం. నాలుగూ నాలుగుకే చదివానని ఆమె తన రిజిస్టరులో రాసుకున్నది కాని, అది ఆమె చేతిరాతే గనుక అధికారులు నమ్మలేదు. రేడియోవారి టేపు నెల తిరగగానే చెరిపివేయబడింది. అప్పుడు ఎవరో ధ్వనిభాండారం సంగతి గుర్తుచేశారు. చీటీ నకలు కావాలని ఉత్తరం వచ్చింది. మాస్టారు నకలు తీసి, 'సరిచూచితిని' అని సంతకం చేసి పంపారు.

పది రోజులకు పత్రికలో వార్త పడింది. హెచ్చరిక నాలుగూ పన్నెండుకు, అంటే ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చినట్లు విశ్వవిద్యాలయపు చీటీ వల్ల తేలిందనీ, అనౌన్సరును సస్పెండు చేశారనీ దాని సారాంశం. భార్య ఆ వార్త పైకి చదివి, కళ్లజోడు తీసింది.

"ఏమండీ, ఈ పన్నెండు ఎక్కడిది? మీ గోడదేనా?"

మాస్టారు పత్రిక అందుకుని, ఆ అంకెమీద వేలు పెట్టారు.

"మిమ్మల్నే! పళ్ల డాక్టరు మెట్లమీద నన్ను కూర్చోబెట్టిన గడియారమేనా ఇది?"

"అదే," అన్నారు ఆయన.

మరునాడు గ్రంథాలయాధికారి గదికి వెళ్లి ఉన్నదున్నట్లు చెప్పారు. ఆయన మాస్టారికంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, మంచివాడే.

"మాస్టారూ, మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"లేదండీ."

"మరి గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి? పట్టికలో లేని చీటీలు మన దగ్గర ఎన్నున్నాయి?"

"మూడువందల పన్నెండు."

"అన్నీ తప్పేనా?"

"అన్నీను."

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. "వాటిని నమ్ముకుని పుస్తకాలు రాసినవాళ్లున్నారు. ఇంకో నాలుగు నెలల్లో మీరు రిటైరవుతారు. ఇన్నేళ్లు తెచ్చుకున్న పేరంతా ఏట్లో కలిపేసుకుంటారా? ఆలోచించుకోండి."

మాస్టారు మూడు దినాలు ఆలోచించారు. ఆలోచించినకొద్దీ అన్నం సయించలేదు. నాలుగవనాడు విచారణాధికారి ఎదుట నిలిచారు. ఆ గది వరండాలో గోడకానుకుని అనౌన్సరు కూర్చుని ఉన్నది. మాస్టారికి ఆమె ముఖం తెలియదు. ప్యూనును మంచినీళ్లడిగిన గొంతును బట్టి గుర్తుపట్టారు.

విచారణాధికారి అంతా విని, కలం పైకెత్తాడు. "సరే, గడియారం ఎన్ని నిమిషాలు ముందుంది?"

ఎనిమిదన్న మాట మాస్టారి నాలుక చివరకు వచ్చింది. పన్నెండులో ఎనిమిది తీసివేస్తే నాలుగు. ఆమె రిజిస్టరుతో అంకెకు అంకె సరిపోతుంది. ఆ ఒక్క మాటతో ఆమె బయటపడుతుంది. అది అబద్ధమని రుజువు చేయగలవాడు లోకంలో లేడు. కాని కొలవని దానిని కొలిచానని మరొకమారు సంతకం చేయవలె. మొదటి సంతకం చేసిన పని ఆ తలుపు అవతలే కూర్చుని ఉన్నది.

"ఆరు నుంచి తొమ్మిదండి. ఆ తరువాత కూడా ముల్లు నెట్టాను గనుక ఇప్పుడు కొలిచినా తేలదు," అన్నారు.

"అంటే నాలుగూ మూడుకీ ఆరుకీ మధ్య. అయిదు దాటిందో లేదో చెప్పలేరు."

"చెప్పలేనండి."

"ఒక్క అంకె చెప్పండి మాస్టారూ. మీ అంచనా అయినా సరే."

"అంచనాలు వెయ్యబట్టే ఇంత దూరం వచ్చిందండీ."

విచారణాధికారి కలం దించి, రాసుకున్నాడు. నెల తరువాత తీర్పు వచ్చింది: ఆలస్యం జరిగినట్లు రుజువు కాలేదు, జరుగలేదనీ రుజువు కాలేదు. అనౌన్సరును తిరిగి పనిలోకి తీసుకున్నారు. కాని మైకు ముందుకు పంపక, శ్రోతల ఉత్తరాలు విప్పే విభాగంలో వేశారు.

ఆ వారంలోనే ఒకనాటి ఉదయం ఆమె మూడవ అంతస్తు ఎక్కి వచ్చింది. మాస్టారు ఎర్రసిరా ముందుంచుకుని, మూడువందల పన్నెండు చీటీలమీదా 'ఆరు నుంచి తొమ్మిది నిమిషాలు ముందు' అని ఒక్కొక్కటిగా రాస్తున్నారు.

"మాస్టారంటే మీరేనా?"

"నేనేనమ్మా. కూర్చో."

"కూర్చోడానికి రాలేదండీ. ఎనిమిదని అంటే మీ సొమ్మేం పోయేది?"

మాస్టారు కలం కింద పెట్టారు.

"నేను నాలుగూ నాలుగుకే చదివాను. నాకు తెలుసు. ఇప్పుడు బజార్లో కూరగాయలమ్మే ఆవిడ కూడా, 'తేలలేదటగా' అంటోంది. తప్పు చేశానన్నా బాగుండేది, తిట్టి ఊరుకునేవాళ్లు."

"నాకు తెలియనిది తెలుసని చెప్పలేకపోయానమ్మా."

"ముందు చెప్పారుగా, సంతకం పెట్టి మరీ!"

ఆ మాటకు ఆయన తలవంచుకున్నారు. ఆమె అరలవైపు చూసి అన్నది: "ఆ టేపు నాకివ్వండి. నా గొంతే కదా అది."

ఆ గదిలోని టేపులు విద్యాసంస్థ ఉపయోగానికి మాత్రమే. బయటివారికి నకలివ్వరాదని నిబంధన. అది కూడా చెప్పవలసి వచ్చినందుకు మాస్టారికి ప్రాణం చచ్చినట్లయింది. "ఇవ్వడానికి వీల్లేదమ్మా. ఇక్కడ కూర్చుని వినొచ్చు. ఎన్నిసార్లయినా."

ఆమె నవ్వింది, ఆ నవ్వులో చల్లదనం లేదు. "బాగుంది. నా గొంతు నేను వినడానికి మీ మెట్లెక్కాలన్నమాట."

అయినా కూర్చున్నది. మాస్టారు టేపు ఎక్కించారు. వాక్యం నడుమనుంచి ఆమె గొంతు లేచింది: '...ఒడ్డున ఉన్నవారు పశువులతో సహా వెంటనే పైకి రావలసిందిగా...' గొంతులో తడబాటు లేదు, తొందర ఉన్నది. ఆమె మూడుసార్లు విన్నది. నాలుగవసారి తన గొంతుతోపాటు పెదవులు కదుపుతూ చదివింది.

లేస్తూ, "రేపు కూడా వస్తాను," అన్నది. "మీకు బరువుగానే ఉంటుంది. ఉండనివ్వండి."

"రామ్మా. తొమ్మిదింటికల్లా గది తెరిచి ఉంటుంది."

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా మాస్టారు నిలబడే ఉన్నారు. తరువాత టేపును అరలో పెట్టబోయి, పెట్టక, యంత్రం పక్కనే ఉంచి, తరువాతి చీటీ తీసుకున్నారు.